ప్లేఆఫ్స్‌లో గెలిస్తే పిక్ కిందికి జారాలా? ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ ఆర్డర్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్, డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం, ఆ వంతే పిక్. నంబర్ ఎంత చిన్నదైతే అంత మంచిది. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ అనగానే అందరూ మొదటి పిక్‌లు ఎవరివో తేల్చే లాటరీ గురించే మాట్లాడతారు. అది ప్లేఆఫ్స్‌కి (రెగ్యులర్ సీజన్ తర్వాత కప్ కోసం జరిగే నాకౌట్ పోటీలకి) రాని 16 జట్ల వ్యవహారం. ఈ రివ్యూ మాత్రం 17 నుంచి 32 దాకా ఉన్న పిక్‌ల మీద. అక్కడి రూల్ నాకు నచ్చలేదు, ఎందుకో చెప్తాను.

2023 డ్రాఫ్ట్ చూడండి. ప్లేఆఫ్స్ మొదటి రెండు రౌండ్లలో ఓడిన జట్లని రెగ్యులర్ సీజన్ పాయింట్లు తక్కువున్న వైపు నుంచి వరసపెట్టారు. వాళ్లలో డివిజన్ (లీగ్‌లోని ఒక గ్రూపు) గెలిచినవాళ్లు వెనక్కి వెళ్లారు. అందుకే 112 పాయింట్ల న్యూజెర్సీ స్థానం 26 అయితే, 109 పాయింట్లే ఉన్న కొలరాడో 27కి పోయింది. 29, 30 కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో, అంటే సెమీస్‌లో ఓడినవాళ్లవి. 31 రన్నరప్‌ది, 32 లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచిన వేగస్‌ది.

ఆ సీజన్‌లో బోస్టన్ 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు కొట్టింది. ఫ్లోరిడాకి 92. ప్లేఆఫ్స్‌కి వచ్చిన జట్లలో అందరికన్నా తక్కువ. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో బోస్టన్‌తో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1తో వెనకబడిన ఫ్లోరిడా ఏడో మ్యాచ్‌ని ఓవర్‌టైమ్‌లో గెలిచి, నేరుగా ఫైనల్ దాకా వెళ్లింది. ఫలితం? బోస్టన్ స్థానం 28, ఫ్లోరిడాది 31. 43 పాయింట్లు ఎక్కువున్న జట్టు ముందు! ఆ ఏడో మ్యాచ్ ఓడుంటే ఫ్లోరిడాకి 17 వచ్చేది. 93 పాయింట్ల ఐలాండర్స్ స్థానం 17 అయింది కదా. అంటే 14 స్థానాల నష్టం. డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లోనూ అంతే, ఫ్లోరిడా 63వ పిక్ దాకా ఆగింది.

పైగా ఆ తొలి రౌండ్ పిక్ అప్పటికి ఫ్లోరిడా చేతిలో లేదు. డిఫెన్స్ ఆటగాడు బెన్ షియారో కోసం 2022 మార్చిలోనే మాంట్రియల్‌కి ఇచ్చేసింది. పిక్ తీసుకున్న జట్టు ఏ తప్పూ చేయకుండానే దాని విలువ ప్లేఆఫ్స్‌లో పడిపోయింది. ట్రేడ్ చేసే మేనేజర్ దీన్ని ముందే ఎలా లెక్కగడతాడు?

ఎదుటి వాదనలో బలం ఉంది. అదే ఫ్లోరిడా 2024లో, 2025లో కప్ గెలిచింది. 92 పాయింట్లు చూపించని సత్తాని ప్లేఆఫ్స్ బయటపెట్టాయి అనొచ్చు. ఒప్పుకుంటాను. కానీ 82 మ్యాచ్‌ల లెక్కని రెండు నెలల ఆట పూర్తిగా చెరిపేయడం నాకు న్యాయంగా అనిపించదు. గోల్‌కీపర్ ఒక్కడు మంచి ఊపులో ఉంటే సిరీస్ తిరగబడే ఆట ఇది.

ఈ రూల్ తీసేస్తే జట్లు కావాలని ఓడిపోతాయన్న భయం అక్కర్లేదు. పిక్ కోసం ఓడే ఆట రెగ్యులర్ సీజన్‌లోనే జరుగుతుంది. కప్ ఆశ ఉండగా పిక్ కోసం ఎవరూ వదులుకోరు.

నా మాట ఇది. 32 ఛాంపియన్‌కి ఉంచండి, మిగతా 15 స్థానాలు పాయింట్ల ప్రకారమే ఇవ్వండి. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అయితే ఛాంపియన్‌ని కూడా రెగ్యులర్ సీజన్ రికార్డుతోనే వరసలో పెడుతుంది. నా లెక్కలో 2023లో ఫ్లోరిడా 17, బోస్టన్ 31, వేగస్ 32.