క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ముఖానికి సౌందర్య ఇంజెక్షన్లు వేయించుకోవచ్చా?

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో కూడా ఇప్పుడు ముడతలు తగ్గించే బొటాక్స్, లోపలికి పోయిన చోటును నింపే ఫిల్లర్లు, చర్మం తెల్లబడుతుందంటూ ఎక్కించే గ్లూటాథయోన్ సెలైన్లు చర్మవైద్యుల దగ్గరే కాక కొన్ని బ్యూటీ పార్లర్లలోనూ దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానలోనో మరోచోటనో కీమో చేయించుకుని వచ్చినవారికి ముఖం నల్లబడి, బుగ్గలు లోపలికి పోయి ఉంటాయి. ఇంట్లో పెళ్లి దగ్గరపడితే వీటి మీదికి మనసు పోవడం సహజం. నలుగురిలోకి మునుపటిలా వెళ్లాలనే కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ చికిత్స నడుస్తున్న శరీరానికి ఏ సూది, ఏ రోజున గుచ్చుతున్నారన్నది చాలా ముఖ్యం.

ముందుగా మీ సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టును చేతిలోకి తీసుకోండి. అందులో మొత్తం తెల్ల రక్తకణాలు 2,400 అనీ, వాటిలో సూక్ష్మక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ 40 శాతం అనీ ఉన్నాయనుకుందాం. 2,400లో 40 శాతం అంటే 960. ఈ లెక్క 1,500 కన్నా తక్కువ వస్తే సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గిందని అర్థం. 500 లోపు వస్తే ప్రమాదం తీవ్రమైనది. అదే కాగితంలో కిందనే నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు ఉంటాయి. అవి సాధారణంగా లక్షన్నరకు పైన ఉండాలి. బాగా పడిపోయినప్పుడు సన్నని సూది గుచ్చినా నెత్తురు ఆగక ముఖమంతా కమిలిపోవచ్చు. చాలా కీమో మందుల్లో ఈ కణాలు బాగా తగ్గేది కీమో ఎక్కిన వారం నుంచి రెండు వారాల మధ్యనే. వాంతులు ఆగి, అన్నం సహించి, మనిషి తేరుకున్నట్టు ఇంటివాళ్లకు కనిపించేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి, పైకి కనిపించే ఓపికను నమ్మి పార్లరుకు వెళ్లకండి.

బొటాక్స్ వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారాలు లేవు. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని అది మూడు నాలుగు నెలల పాటు అడ్డుకుంటుంది, అంతే. తల, మెడ క్యాన్సర్ చికిత్స తర్వాత అదుపు లేకుండా కారే లాలాజలాన్ని తగ్గించడానికి వైద్యులే దానిని వాడతారు. అయితే ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పాటు లాంబర్ట్ ఈటన్ అనే కండరాల బలహీనత రావచ్చు. అది ఉన్నవారికి బొటాక్స్ పడితే మింగడం, ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయోటిక్స్ వాడుతున్నప్పుడు కూడా దాని ప్రభావం ఎక్కువ కావచ్చు.

ఫిల్లర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవి చర్మం కింద నెలల తరబడి ఉండిపోతాయి, పొరపాటున రక్తనాళంలోకి వెళితే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. అటువంటి స్థితిలో హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్‌ను కరిగించే మందు అదే గదిలో సిద్ధంగా ఉందా అని అడగడం మీ హక్కు. గుట్కా, తంబాకు వల్ల నోటి క్యాన్సర్ వచ్చి రేడియేషన్ తీసుకున్నవారి బుగ్గకు రక్తప్రసరణ తగ్గి ఉంటుంది, గాయం త్వరగా మానదు. కాల్షియం ఉన్న ఫిల్లర్లు, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూసే పెట్ స్కాన్‌లో వెలిగి, జబ్బు తిరగబెట్టిందేమోననే అనుమానం కలిగించగలవు. అందుచేత మందు సీసా మీది పేరు, బ్యాచ్ నంబరు మీ చికిత్స ఫైలులో రాయించుకుని, స్కాన్‌కు ముందే వైద్యులకు చూపించండి.

తెల్లబడటానికి ఎక్కించే గ్లూటాథయోన్ సెలైన్‌ను మాత్రం చికిత్సలో ఉన్నవారు దగ్గరికి రానీయవద్దని గట్టిగా చెబుతున్నాను. చర్మాన్ని తెల్లబరిచే ఏ ఇంజెక్షన్‌నూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించలేదు. క్యాన్సర్ కణాల్లో గ్లూటాథయోన్ ఎక్కువగా ఉండటానికీ, సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందులు సరిగా పనిచేయకపోవడానికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చూపాయి. కీమో వల్ల వచ్చిన నలుపు చాలామందిలో చికిత్స ముగిశాక నెలల్లో దానంతట అదే తగ్గుతుంది.

మీ క్యాన్సర్ వైద్యులు తేదీ చూసి సరేనన్న తర్వాత, అర్హత గల చర్మవైద్యుల దగ్గర మాత్రమే సూది వేయించుకోండి. ఆ తర్వాత ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, సూది పడిన చోట ఎర్రబడి వాచినా, జ్వరం గోలీ వేసుకుని తెల్లవారేదాకా చూడకుండా ఆ రాత్రే జిల్లా దవాఖానకు వెళ్లి, కీమో నడుస్తోందన్న సంగతిని అన్నిటికన్నా ముందు అక్కడి డాక్టరుకు చెప్పండి.