మలేనోస్ ఇంటి విందు

వేదిక మీది పెద్దలకూ, ఎండలో వచ్చిన మిత్రులకూ నమస్కారం. పేరుపేరునా చెప్పే పని నాకు ముందు మాట్లాడిన ఇద్దరూ చేసేశారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

నాకిచ్చిన అంశం మధ్యయుగ బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్యం, పాలనలో కులీన కుటుంబాల పాత్ర. పదవులు, బిరుదులు, శాఖలు వరసగా రాసుకొచ్చాను. కానీ ఇందాక నన్ను పరిచయం చేసినాయన బైజాంటియం అనగానే ‘అంతఃపుర కుట్రలు’ అన్నారు. పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఈ మాట విని విని నాకు ఒళ్ళు మండుతుంది. కుట్రలు లేవనను. అసలు తగువు మాత్రం అంతఃపురంలో లేదు, ఆసియా మైనర్ పొలాల్లో ఉంది, అంటే ఇప్పటి టర్కీలో. అందుకని ఆ కాగితం పక్కన పెట్టి ఒక విందు గురించి చెబుతాను.

అంతకంటే ముందు ఒక కరువు. 927-28 చలికాలంలో నెలల తరబడి నేల గడ్డకట్టింది. రైతులు కాస్తంత తిండిగింజల కోసం పొలాలు తెగనమ్ముకున్నారు. కొన్నదెవరు? సేనాపతులు, అధికారులు, బిషప్పులు, మఠాలు. 934లో రోమనోస్ లెకపెనోస్ చక్రవర్తి చట్టం చేశాడు: న్యాయమైన ధరలో సగం కూడా ఇవ్వకుండా కొన్న భూమి ఊరికే తిరిగిచ్చేయాలి. బాగుంది కదా? మరి ఆ చట్టం అమలు చేయాల్సిందెవరు? ఆ కొన్నవాళ్ళే! కంచే చేను మేస్తే ఇంకేముంది.

అలాగని వాళ్ళను తీసేస్తే తూర్పు సరిహద్దు కాచేవాడు లేడు. ఫోకాస్ కుటుంబాన్నే చూడండి. తండ్రి బార్దాస్ సర్వసైన్యాధ్యక్షుడు, ముగ్గురు కొడుకులూ సరిహద్దు రాష్ట్రాలకు సేనాధిపతులు. వాళ్ళలో నికెఫోరోస్ 963లో ఏకంగా చక్రవర్తే అయ్యాడు.

ఇక విందు. 987లో ఆ నికెఫోరోస్ అన్న కొడుకు, ఇంకో బార్దాస్ ఫోకాస్, చక్రవర్తి రెండవ బేసిల్ మీద తిరగబడ్డాడు. కాదు, తమ్ముడి కొడుకు. ఈ ఇంట్లో పేర్లతో ఇదే చిక్కు, తాత పేరే మనవడికి. తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నది ఎక్కడనుకున్నారు? యూస్టాథియోస్ మలేనోస్ అనే భూస్వామి ఇంట్లో. రెండేళ్ళకు, అబిదోస్ దగ్గర యుద్ధంలో, ఫోకాస్ గుర్రం మీంచి కూలి చచ్చిపోయాడు. కథ అయిపోయిందనుకున్నారంతా.

కొన్నేళ్ళకు బేసిల్ సిరియా దండయాత్ర నుంచి వస్తూ, ఆసియా మైనర్ నడిబొడ్డున ఉన్న కప్పదోకియాలో ఆగాడు. ఆతిథ్యం ఇచ్చింది ఆ మలేనోసే. చక్రవర్తికి ఒక్కడికే కాదండీ, మొత్తం సైన్యానికి, ఏ లోటూ రాకుండా! ఒక్కసారి ఆలోచించండి. రాజ్యం నానా తంటాలు పడి పోషించే సైన్యాన్ని ఒక ఇల్లు తన గాదెల్లోంచి తీసి మేపింది. బేసిల్ తిన్నాడు, మెచ్చుకున్నాడు, ‘మాతో రాజధానికి రండి’ అని వెంటబెట్టుకుపోయాడు. మళ్ళీ పంపలేదు. బోనులో మృగాన్ని మేపినట్టు మేపాడని చరిత్రకారుడు స్కిలిట్జెస్ రాశాడు. మలేనోస్ పోయాక ఆస్తి మొత్తం ఖజానాకు చేరింది.

996 నాటి బేసిల్ చట్టంలో మలేనోస్ కుటుంబం పేరు పెట్టి మరీ ఉంది. కొన్న భూమి నలభై ఏళ్ళు చేతిలో ఉంటే ఇక అడగకూడదన్న పాత నిబంధనను ఆ చట్టం కొట్టేసింది. అదే చట్టంలో ఫిలోకాలెస్ అనేవాడి సంగతీ ఉంది. మామూలు పల్లెటూరివాడు. కొలువులో పైకొచ్చి, సొంత ఊరినే మొత్తం కొనేశాడు. బేసిల్ అతని భవనాలు నేలమట్టం చేయించి, భూములు పేదలకిచ్చి, అతన్ని మళ్ళీ పల్లెటూరివాణ్ణి చేశాడు. ఇది చదివినప్పుడల్లా నాకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మీకు అనిపించడం లేదూ?

కానీ బేసిల్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. 1025లో పోయాడు. పేదల పన్ను బకాయిలు పెద్దలే కట్టాలన్న అతని నియమాన్ని 1028లో రద్దు చేసింది మూడవ రోమనోస్ చక్రవర్తి. ఇంటిపేరు అర్గీరోస్. ఇది కూడా పెద్దింటి పేరేనని వేరే చెప్పాలా?

అధ్యక్షుల వారు వాచీ చూసుకుంటున్నారు. అయినా కొమ్నెనోస్‌ల మాట చెప్పకుండా దిగను. 1081లో చక్రవర్తి అయిన అలెక్సియోస్ కొమ్నెనోస్ ఈ తగువుకు వేరే దారి పట్టాడు. కుటుంబాలతో కొట్లాడలేదు, తన కుటుంబాన్నే ప్రభుత్వం చేసేశాడు. అన్న ఐజాక్ కోసం లేని బిరుదు ఒకటి కల్పించాడు. భార్య పుట్టిల్లు, దూకాస్ అనే ఇంకో పెద్దింటివాళ్ళనూ కలుపుకున్నాడు. దక్షిణ ఇటలీ నుంచి దండెత్తి వచ్చిన నార్మన్ల మీదికి యుద్ధానికి వెళ్తూ తల్లి అన్నా దలస్సేనేకు బంగారు ముద్రతో శాసనం రాసిచ్చాడు: ఆమె ఆజ్ఞ సమంజసమైనా కాకపోయినా, ఆమె ముద్ర ఉంటే చాలు, నా ఆజ్ఞే.

ఆ రోజుల్లో కొలువు చేసి, తర్వాత సన్యాసం తీసుకున్న జొనారస్ అనే చరిత్రకారుడున్నాడు. అలెక్సియోస్ తనను రాజ్యానికి ధర్మకర్తగా కాక యజమానిగా అనుకున్నాడనీ, బంధువులకు ప్రజాధనం బండ్లకెత్తి ఇచ్చాడనీ, వాళ్ళ ఇళ్ళు నగరాలంత ఉండేవనీ రాశాడు. కడుపుమంటతో రాశాడంటారు కొందరు. ఉండొచ్చు. కానీ సైన్యమూ బిరుదులూ జీతాలూ అన్నీ ఒకే ఇంటి చేతుల్లో ఉన్నప్పుడు, ఆ బండ్లను ఆపి లెక్క అడిగే గుమాస్తా ఎవరు మిగిలారో చెప్పండి.