సుక్వామిష్ ఒడ్డు: ఎకరాల్లో ఇమడని నేల

అందరికీ నమస్కారం.

అమెరికా ఆదివాసులైన సుక్వామిష్ తెగ నేల ఎక్కడుందని అడిగితే మ్యాపులో పోర్ట్ మాడిసన్ రిజర్వేషన్, అంటే తెగకు కేటాయించిన భూమి చూపిస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్‌కి నీళ్ల అవతల, కిట్‌సాప్ ద్వీపకల్పం మీద ఉంటుందది. నిజానికి అది 1855 ఒప్పందం తర్వాత మిగిలిన ముక్క. అంతకుముందు వాళ్ల నేలంటే ఒడ్డే. బెయిన్‌బ్రిడ్జ్, బ్లేక్ దీవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లు, హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ వైపు చేపల స్థావరాలు, అన్నీ అందులోవే.

చలికాలపు ఊళ్లలో పెద్దది అగేట్ పాసేజ్ అనే ఇరుకు జలసంధి గట్టున ఉండేది. అక్కడి ఉమ్మడి ఇంటిని తెల్లవాళ్లు ఓల్డ్ మాన్ హౌస్ అన్నారు. పొడవు దాదాపు 600 అడుగులంటారు, కొలతల్లో తేడాలున్నాయి. రెడ్ సెడార్ దుంగలో కొమ్ముతోనో గట్టి చెక్కతోనో చేసిన చీలలు దించి, రాతి సుత్తితో కొట్టి, పీచు వెంట పలకలు విడదీసేవారు. రంపంతో పనిలేదు. ఎండలు రాగానే కుటుంబాలు దోనెలెక్కి తలా ఒక ఒడ్డుకి వెళ్లేవి. జమ్ము చాపలతో గుడారం వేసి, సాల్మన్ చేపలూ గుల్లలూ ఎండబెట్టుకుని, చలికి ఊరికి తిరిగొచ్చేవి.

1855 జనవరి 22న ముకిల్టియో దగ్గర అమెరికా ప్రభుత్వంతో పాయింట్ ఎలియట్ ఒప్పందం జరిగింది. గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఎదుట సుక్వామిష్, డువామిష్ తెగల తరఫున గుర్తు పెట్టింది సియాటెల్ అనే తెగ పెద్ద. నగరానికి ఆయన పేరే. తండ్రి సుక్వామిష్, తల్లి డువామిష్. పర్యావరణ సభల్లో ఆయన ‘ఉత్తరం’ అని చదివేది మాత్రం 1970ల్లో ఒక సినిమా రచయిత రాసినది. ఆయన ఉపన్యాసమంటూ మొదట పత్రికలో అచ్చయిన పాఠం కూడా 1887 నాటిది. అప్పటికి ఆయన పోయి 21 ఏళ్లు. ఆయన మాట కావాలంటే ఒప్పందమే చదవాలి.

ఒప్పందం తెగకు రెండు సెక్షన్లు, అంటే 1,280 ఎకరాలు మిగిల్చింది. 1864లో దాన్ని ఏడు వేల ఎకరాలు దాటేలా పెంచారు. 1870లో ప్రభుత్వ ఏజెంటు ఓల్డ్ మాన్ హౌస్‌ని తగలబెట్టించాడు. ఉమ్మడి బతుకు మానిపించి, కుటుంబానికో ఇల్లు, కుటుంబానికో నేలచెక్క పెట్టించాలన్నది ఉద్దేశం.

అసలు దెబ్బ అగ్గి వల్ల కాదు, పట్టాల వల్ల తగిలింది. 1886 నుంచి భూమిని కుటుంబాల పేర పంచారు. యజమాని పోతే అదే చెక్క వారసులందరి ఉమ్మడి హక్కవుతుంది. అందరూ ఒప్పుకుంటే తప్ప దాన్ని వాడుకోవడం కుదరదు, అమ్మడమే సులువు. 1902 చట్టం వారసులకు అమ్ముకునే దారి తెరిచింది. 1906 చట్టంతో, భూమి అమ్ముడుపోకుండా ప్రభుత్వం తన అధీనంలో ఉంచే గడువు తీరకముందే పూర్తి పట్టా ఇవ్వడం, దాంతోపాటే పన్ను పడటం మొదలయ్యాయి. పన్ను కట్టలేనివాళ్ల భూమి పోయింది. ఇదిలా ఉండగా 1904లో కోటలు కడతామని సైన్యం పాత ఊరి స్థలం తీసుకుంది. కోట కట్టలేదు. నేల మాత్రం తర్వాత ప్రైవేటు చేతుల్లో పడింది.

1978లో సుప్రీంకోర్టు ఓలిఫాంట్ కేసు తీర్పులో రాసిన లెక్క చూడండి: రిజర్వేషన్ 7,276 ఎకరాలు, అందులో 63 శాతం బయటివాళ్లది. నివసించే తెగ సభ్యులు సుమారు 50 మంది, ఇతరులు 2,928 మంది. అమెరికా ఆదివాసులు కానివారిపై క్రిమినల్ కేసు విచారించే అధికారం తెగ కోర్టులకు లేదని ఆ తీర్పు దేశమంతటికీ తేల్చేసింది. 2013 చట్టం గృహహింస కేసుల్లో కొంత తిరిగి ఇచ్చింది, 2022లో మరికొన్ని నేరాలు చేర్చారు.

నీటి సంగతి వేరు. ఒప్పందం ఐదో అధికరణ, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కుని ఉంచింది. 1974లో జడ్జి బోల్ట్, పట్టదగిన సాల్మన్‌లో సగం దాకా తెగల వాటా అన్నారు. మరుసటి ఏడు సుక్వామిష్ జలాల హద్దు గీశారు: వాషన్ దీవి ఉత్తర కొస నుంచి ఫ్రేజర్ నది దాకా సముద్రం, పడమటి ఒడ్డు వాగులు, హుడ్ కెనాల్. తూర్పు ఒడ్డు వాగులు దక్కలేదు. అక్కడి డువామిష్ వారసత్వం మాదేనని తెగ వాదిస్తే 1990లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

గుల్లల తగాదా ఇంకా చిక్కైనది. వాషింగ్టన్ రాష్ట్రం ఆటుపోట్ల మధ్య తేలే ఒడ్డుని కూడా ప్రైవేటు వాళ్లకు అమ్మేసింది. మరోపక్క, పౌరులు కర్రలు పాతినవో సాగుచేసినవో అయిన మడుల్లో తెగలు తీయకూడదని అదే ఐదో అధికరణలో షరతుంది. 1994లో జడ్జి రఫీడీ, సహజంగా పెరిగిన గుల్లల్లో సగం తెగలదే, నేల ఎవరి పేరున ఉన్నా సరే అన్నారు. తియ్యాలంటే యజమానికి ముందు నోటీసివ్వాలి, మడిలో ఎంతుందో సర్వే చెయ్యాలి, దాన్నిబట్టి కోటా వెయ్యాలి. మీకు రాష్ట్ర లైసెన్సు ఉన్నా తెగ ఒడ్డున గుల్లలు తవ్వడం కుదరదు, గుర్తుంచుకోండి.

పాత ఊరి స్థలంలో ఒక ఎకరం కూడా లేని పార్కు ఉండేది. 2004లో రాష్ట్రం దాన్ని తెగకు తిరిగి ఇచ్చింది. 2009లో తెగ తీరం పక్కనే సెడార్‌తో కొత్త ఉమ్మడి శాల కట్టుకుంది. వెళ్లదలిస్తే సియాటెల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్‌కి ఫెర్రీ 35 నిమిషాలు, అక్కణ్నుంచి 305వ నంబరు రోడ్డు మీద అగేట్ పాస్ వంతెన దాటాలి. మ్యూజియం ముందు చూడండి, ఆ తర్వాత పార్కుకి వెళ్తే అక్కడ ఏం చూస్తున్నామో తెలుస్తుంది.