జార్జ్ కలల్లో మజీద్

శ్రోతలకు నమస్కారం.

నేర కథా చిత్రం చూస్తున్నంతసేపూ మన మనసు నేరస్థుణ్ణి వెతుకుతూనే ఉంటుంది. 2005లో వచ్చిన ఫ్రెంచి చిత్రం 'కాషే' మన చేత చివరిదాకా వెతికించి, జవాబు చెప్పకుండానే ముగుస్తుంది. తీసినవాడు ఆస్ట్రియా దర్శకుడు మైకేల్ హానెకె. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి ఆయనకే దక్కింది.

పారిస్‌లో జార్జ్ అనే పెద్దమనిషి టీవీలో సాహిత్య చర్చలు నిర్వహిస్తుంటాడు. ఒకరోజు ఎవరో అతని గుమ్మంలో వీడియో క్యాసెట్ వదిలిపోతారు. పెట్టి చూస్తే, వీధి అవతల నుంచి కదలకుండా తీసిన తన ఇల్లే. తర్వాత మరికొన్ని క్యాసెట్లు, వాటితో పాటు బొమ్మలు: నోట నెత్తురు కారుతున్న పిల్లవాడు, తల తెగిన కోడి. ఆ బొమ్మలు చూశాక జార్జ్‌కు మజీద్ గుర్తుకొస్తాడు.

మజీద్ తల్లిదండ్రులు అల్జీరియన్లు, జార్జ్ వాళ్ల పొలంలో పనివాళ్లు. 1961 అక్టోబరు 17న పారిస్‌లో జరిగిన ప్రదర్శనకు వెళ్లి, మళ్లీ రాలేదు. మజీద్ కల్పిత పాత్రే గానీ ఆ రాత్రి కల్పితం కాదు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం సాగుతున్న రోజులవి. అల్జీరియన్లు రాత్రిపూట బయట తిరగరాదని పారిస్ పోలీసు అధిపతి మోరిస్ పపోన్ ఆంక్షలు పెట్టాడు. వాటిని నిరసిస్తూ వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. పోలీసులు ఎందరినో చంపారు, కొందరిని సేన్ నదిలోకి తోసేశారు. అప్పట్లో ప్రభుత్వం ఒప్పుకున్న చావులు మూడు. చరిత్రకారుల అంచనాలు కొన్ని పదుల దగ్గర మొదలై రెండు వందలు దాటుతాయి. ఆ నది ఒడ్డున స్మారక ఫలకం పెట్టడానికి 2001 దాకా పట్టింది.

అనాథ అయిన మజీద్‌ను జార్జ్ తల్లిదండ్రులు దత్తత తీసుకోవాలనుకున్నారు. ఆరేళ్ల జార్జ్‌కు అది గిట్టలేదు. మజీద్ నెత్తురు కక్కుతున్నాడని అబద్ధం చెప్పాడు, నాన్న చంపమన్నాడంటూ అతని చేత కోడిని నరికించాడు. మజీద్ అనాథాశ్రమానికి వెళ్లిపోయాడు.

ఫ్రాన్సులో జనాభా లెక్కల్లో జాతి అడగరు. కానీ టీవీ తెరపై తెల్లవారు కానివారు ఎందరు కనిపిస్తున్నారో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ 2009 నుంచి లెక్క కడుతోంది. అలా లెక్కగడితే ఈ సినిమాకు మార్కులు రావు. మజీద్, అతని కొడుకు, జార్జ్‌తో వీధిలో గొడవపడే నల్లజాతి సైకిలు యువకుడు, ఇంకా ఒకరిద్దరు, అంతే. అయితే ఆ కొరతే ఈ సినిమా చూపించదలచిన నేరమని నాకనిపిస్తుంది. గోడల నిండా పుస్తకాలున్న ఇంట్లో, విందుకొచ్చిన స్నేహితుల మధ్య, మజీద్ ఊసే ఎత్తకుండా జార్జ్ నలభై ఏళ్లు గడిపేశాడు. చివరికి భార్య దగ్గర కూడా నిజం నాన్చి నాన్చి చెబుతాడు.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదు కూడా. ఇందులో కలలూ జ్ఞాపకాలూ అన్నీ జార్జ్‌వే. మజీద్‌ను బలవంతంగా బండెక్కించే దృశ్యం కూడా, జార్జ్ మాత్రలు మింగి పడుకున్నాక, దూరం నుంచి కనిపిస్తుంది. అనాథాశ్రమంలో మజీద్ ఎలా బతికాడో, ఏ పని చేసి కొడుకును పెంచాడో సినిమా అడగదు. మోరిస్ బెనిషూ ఆ పాత్రను ఎంతో మృదువుగా పోషించాడు కాబట్టే ఈ లోటు మరీ బాధిస్తుంది. కొడుకు పాత్రకైతే పేరే లేదు. జార్జ్ ఆఫీసుకు వచ్చి, గొంతు పెంచకుండా, సూటిగా నిలదీసేది మాత్రం అతనే.

చూడాలనుకునేవారికి రెండు మాటలు. నేపథ్య సంగీతం లేదు, నడక నెమ్మది, కాబట్టి తీరిక చూసుకుని కూర్చోండి. ఒకచోట రక్తపాతం ఏ హెచ్చరికా లేకుండా వచ్చిపడుతుంది. పిల్లలు పక్కన ఉన్నప్పుడు పెట్టకండి.