ఎర్రకణాన్ని కాచే ఎంజైమ్

అందరికీ నమస్కారం.

మన ల్యాబుల ఫ్రీజర్లలో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచే ట్యూబుల్లో 'మానవ జీ6పీడీ, రీకాంబినెంట్, పరిశోధనకు మాత్రమే' అనే లేబుల్‌తో ఒకటి ఉంటుంది. జీ6పీడీ ఒక ఎంజైమ్, పూర్తి పేరు గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్. రీకాంబినెంట్ అంటే మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి చేయించినది. విశాఖలో దీని గురించి మాట్లాడటానికి కారణం ఉంది. ఘాట్ రోడ్డెక్కితే మన్యం. మన్యంలో మలేరియా, దానితోపాటు ప్రైమాక్విన్ మాత్ర.

వైవాక్స్ మలేరియా తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. పరాన్నజీవి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది కాబట్టి. దాన్ని చంపడానికే మన దేశంలో 14 రోజుల ప్రైమాక్విన్ కోర్సు ఇస్తారు. జీ6పీడీ బాగా తక్కువున్న మనిషికి ఇదే మాత్ర ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం నల్లబడుతుంది, కళ్లు పచ్చబడతాయి. కారణం ఈ ఎంజైమ్ లోపమేనని 1956లో తేలింది. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, అందుకే మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది.

అసలు ఈ ఎంజైమ్ చేసే పనేమిటి? గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నుంచి హైడ్రోజన్ తీసి ఎన్‌ఏడీపీ అనే సహాయక అణువుకి అందిస్తుంది, ఎన్‌ఏడీపీహెచ్ తయారవుతుంది. కణాన్ని కాచే గ్లూటాథయోన్ అనే చిన్న అణువును పనికొచ్చే స్థితిలో ఉంచేది అదే. ఆక్సిజన్ మోసే కణానికి ఆక్సీకరణ దెబ్బలు తప్పవు, వాటిని కాచుకునేది గ్లూటాథయోన్‌తోనే. మిగతా కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ తెచ్చుకునే దారులు ఇంకా ఉన్నాయి. ఎర్రకణానికి మైటోకాండ్రియా లేవు, ఉన్నది ఈ ఒక్క దారే. కేంద్రకం కూడా లేదు కాబట్టి కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్న సరుకుతోనే 120 రోజులు గడపాలి.

ఎర్రకణాలు పగలడానికి మందులే కారణం కానక్కర్లేదు. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన పాతబట్టలు పసిబిడ్డకు చుట్టినా, లోపం ఉన్న బిడ్డకు కామెర్లు ముదరవచ్చు. ఈ సంగతి మన ఇళ్లల్లో ఇంకా చాలామందికి తెలియదు. ఇక్కడ నేను చెప్పే వాటిలో ఇదొక్కటైనా ఇంటికెళ్లి చెప్పండి.

ఇక ట్యూబు సంగతి. రోగి రక్తం ఉండగా ఇదెందుకు? రక్తం మోసం చేస్తుంది. ముసలి కణాలు పగిలిపోయాక మిగిలేవి పడుచు కణాలు, వాటిలో ఎంజైమ్ ఎక్కువ. అందుకే జబ్బుపడ్డ వెంటనే పరీక్షిస్తే ఫలితం నార్మల్ అని రావచ్చు. శుద్ధమైన ప్రోటీన్‌తో ఆ గొడవ లేదు. మానవ జన్యువును ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో పెట్టి చేయిస్తారు. ఈ.కోలైకి సొంత జీ6పీడీ ఉంటుంది, కాబట్టి అది తొలగించిన ఈ.కోలై రకం (స్ట్రెయిన్) తీసుకోవడం మంచిది. లేకపోతే కొలిచేది ఎవరి ఎంజైమో చెప్పలేం.

కొలవడం తేలికే. క్యూవెట్ అనే చిన్న పారదర్శక పాత్రలో బఫర్ (ఆమ్లతను నిలకడగా ఉంచే ద్రావణం), ఎన్‌ఏడీపీ, గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ వేసి, చివర్లో ఎంజైమ్ కలపండి. 340 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగు పెరుగుతూ పోతుంది. ఎన్‌ఏడీపీహెచ్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, ఎన్‌ఏడీపీ పీల్చుకోదు.

కొనేటప్పుడు అందరూ ఎన్ని మైక్రోగ్రాములని అడుగుతారు. నన్నడిగితే ముందు అడగాల్సింది యాక్టివిటీ యూనిట్లు, అంటే అది ఎంత పని చేస్తుందనే కొలత. ఈ ప్రోటీన్ రెండేసి, నాలుగేసి కలిసి ఉంటేనే పనిచేస్తుంది. దాన్ని నిలబెట్టేందుకు ఎన్‌ఏడీపీ అణువు ఒకటి అదనంగా అతుక్కుని ఉంటుంది. ఎన్‌ఏడీపీ లేని బఫర్‌లో మరీ పలుచన చేసి వదిలేస్తే బరువు అంతే ఉంటుంది, పని పోతుంది.

అసలు లాభం పోలికలో ఉంది. 515 అమైనో ఆమ్లాల్లో 44వది అలనిన్ బదులు గ్లైసిన్ అయితే అది 'ఒరిస్సా' అనే లోపపు రకం. మన దేశపు గిరిజనుల్లో కనబడిన రకమిది. మామూలు రకాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి, ఎన్‌ఏడీపీని ఏది ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడొచ్చు. 2018లో ఏజీ1 అనే చిన్న అణువు 'కాంటన్' అనే మరో లోపపు రకానికి పోయిన చురుకుదనాన్ని కొంత తిరిగి తెస్తుందని చూపింది కూడా ఇలాంటి శుద్ధ ఎంజైమ్‌తోనే. అది ఇంకా మందు కాలేదు. మన ఒరిస్సా రకం మీద అది ఎలా పనిచేస్తుందన్నది మీలో ఎవరైనా ప్రాజెక్టుగా తీసుకోదగ్గ ప్రశ్న.