బొమ్మ ఒకటే, వినబడేదే వేరు: జపాన్ మూకీల డిస్కుల కబుర్లు

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి గెస్ట్ మా బాబాయ్. పగలు బ్యాంకు ఉద్యోగం, రాత్రిళ్లు జపాన్ మూకీ సినిమాలు. బీరువాలో ఒక అర పిన్ని చీరలకి, మిగతావన్నీ ఈ డిస్కులకి.

బాబాయ్: ఒక్క అరే తల్లీ. పిన్ని కూడా వింటుంది ఇది.

హోస్ట్: సరే, ఒక్క అరే. అందులో ఒకే సినిమా మూడు పెట్టెల్లో ఉంది. నాకు ఎప్పట్నుంచో ఇదే అనుమానం. ఒకసారి కొన్నాక మళ్లీ ఎందుకు కొంటావు బాబాయ్?

బాబాయ్: మామూలుగా పాత సినిమాకి కొత్త డిస్కు వస్తే మనం చూసేది బొమ్మ. తేటగా ఉందా, గీతలు పోయాయా, మొహాలు కనబడుతున్నాయా అని. జపాన్ మూకీల దగ్గర ఆ లెక్క పెద్దగా పనికిరాదు. మిగిలిందే తక్కువ కదా. 1923 సెప్టెంబరు 1న భూకంపం వచ్చి టోక్యో, యోకొహామా తగలబడ్డాయి. తర్వాత యుద్ధంలో బాంబులు. వాటిని తప్పించుకున్న రీళ్లు కూడా నైట్రేట్ ఫిల్మే, వాటంతట అవే పాడైపోయే రకం. ఓజు అని వాళ్ల పెద్ద దర్శకుడు, మొదటి సినిమా 1927లో తీశాడు, ఇవాళ దాని ముక్క కూడా లేదు. మాత్సునొసుకె ఒనొయె అని వాళ్ల తొలి పెద్ద స్టారు వందల సినిమాలు చేశాడు. దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

హోస్ట్: మన తెలుగువాళ్ల తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ సంగతీ అంతేగా.

బాబాయ్: అంతే. రఘుపతి ప్రకాశ్ తీసింది చూసే యోగం మనకి లేదు. అక్కడ బతికిన సినిమాకైనా ఒకటో రెండో ప్రింట్లు. అమెరికా వాడు డిస్కు వేసినా, లండన్ వాడు వేసినా తోడుకునేది ఆ నుయ్యిలోంచే. గీతలున్న చోట గీతలే ఉంటాయి. నాకు తేడా తెలిసేది చెవికి.

హోస్ట్: మూకీ సినిమాలో చెవికేం పని?

బాబాయ్: అదేగా అసలు సంగతి! జపాన్‌లో మూకీ ఏనాడూ మూగగా ఆడలేదు. తెర పక్కన బెన్షి అని ఒకాయన నిలబడి కథంతా చెప్పేవాడు. హీరో మాటలు, హీరోయిన్ మాటలు, విలన్ నవ్వు, మధ్యలో తన వ్యాఖ్యానం, అన్నీ ఒక్క గొంతుతోనే. మన హరిదాసు లాగా అనుకో, చిడతల బదులు పక్కన వాయిద్యాల బృందం. ఫలానా బెన్షి చెప్తున్నాడంటే ఆ హాలుకే పోయేవాళ్లు జనం. ‘సెవెన్ సమురాయ్’ తీసిన దర్శకుడు అకీరా కురొసావా, ఆయన అన్నయ్య హెయిగో కూడా బెన్షీనే.

హోస్ట్: కురొసావా అన్నయ్యా! ఇది తెలీదు నాకు.

బాబాయ్: అందుకే అక్కడ మూకీలు అంత ఆలస్యంగా దాకా నడిచాయి. లెక్క చూడు. మన ‘భక్త ప్రహ్లాద’ 1932లోనే మాట్లాడేసింది. జపాన్‌లో మొదటి పూర్తి టాకీ 1931లోనే వచ్చినా, ఓజు 1932, 33, 34ల్లో కూడా మూకీలే తీస్తూ కూర్చున్నాడు. ఆయన మొదటి టాకీ 1936. ఆయన మంచి మూకీలన్నీ, ప్రపంచం మాటల్లోకి వెళ్లిపోయాక తీసినవే. బెన్షీలు ఒకపక్క ఉద్యోగాలు పోతున్నాయని సమ్మెలు చేస్తున్నారు, ఇంకోపక్క ఆయన ఇవి తీస్తున్నాడు.

హోస్ట్: అయితే డిస్కులో ఆ బెన్షి ఉంటాడా, ఉండడా?

బాబాయ్: అక్కడే దారులు చీలిపోతాయి. మూడు రకాలు. అసలు చప్పుడే లేకుండా వదిలేసినవి. ఇప్పటి సంగీతకారుడితో కొత్తగా వాయించి పెట్టినవి. బెన్షి గొంతుతో వచ్చినవి. మూడో రకం కావాలంటే టోక్యోలో డిజిటల్ మీమ్ అనే కంపెనీ వేసిన ‘టాకింగ్ సైలెంట్స్’ వరస చూడాలి. అందులో చెప్పేది ఎక్కువగా మిడోరి సవాతో. ఆవిడ గురువు షున్సుయి మత్సుదా. ఆయన పాత ప్రింట్లు వెతికి వెతికి పోగేసిన మనిషి, తనే బెన్షి కూడా. ఆయన దాచకపోతే ఆ వరసే లేదు.

హోస్ట్: మొన్న నాకు చూపించావే, నీళ్లతో గారడీ చేసే అమ్మాయి సినిమా...

బాబాయ్: ‘వాటర్ మెజీషియన్’. దర్శకుడు మిజోగుచి, 1933. తకాకొ ఇరియె హీరోయిన్, తన సొంత కంపెనీ మీదే తీయించుకుంది. నీళ్ల గారడీ చేసే ఆడమనిషి ఒక కుర్రాడిని లా చదివిస్తుంది. డబ్బు కోసం తిరిగి తిరిగి చివరికి వడ్డీవ్యాపారిని పొడిచి కోర్టుకెక్కుతుంది. చూస్తే ప్రాసిక్యూటరు కుర్చీలో ఆ కుర్రాడే.

హోస్ట్: కోర్టు సీనులో నాకు ఒళ్లు జలదరించింది. జపాన్ భాష ఒక్క ముక్క రాదు, కింద సబ్‌టైటిల్స్ చదవడం కూడా మానేశా.

బాబాయ్: ఆవిడ గొంతు మహిమ అది. తెర మీద పడే అక్షరాలు రెండు లైన్లే. అవి పోయి మొహం వచ్చాక కూడా సవాతో చెప్తూనే ఉంటుంది. నిందితురాలికి ఒక గొంతు, జడ్జికి ఒక గొంతు, మధ్యలో తన సొంత గొంతు. అదే సినిమా చప్పుడు తీసేసి చూడు, మెలోడ్రామా కాస్త పాతబడినట్టుంటుంది. ఇరియె మొహంలో కనబడేది కూడా వేరే. నేను రెండు రకాలుగానూ చూస్తా. ఎవరైనా అడిగితే మాత్రం ముందు బెన్షీతోనే చూడమంటా.

హోస్ట్: ఆ కుర్రాడిగా వేసింది ఎవరు?

బాబాయ్: తొకిహికొ ఒకాడా. ఆ మరుసటేడే, 1934లో పోయాడు. కూతురు అప్పటికి ఏడాది పిల్ల. ఆ పిల్లే పెద్దయ్యాక మారికో ఒకాడా, పెద్ద నటి. చిన్నప్పుడు ఊళ్లో హాల్లో ఈ సినిమా చూసొస్తే, అందులో ఉన్నది మీ నాన్నేనని వాళ్లమ్మ అప్పుడు చెప్పిందట. ఇలాంటివి డిస్కు పెట్టె మీద రాయరు.

హోస్ట్: సరే, మూడు పెట్టెల సినిమాకి రా.

బాబాయ్: ‘ఐ వాజ్ బార్న్, బట్’. ఓజు, 1932. ముందు, పాత మంచి సినిమాలు డిస్కుల మీద వేసే అమెరికా కంపెనీ క్రైటీరియన్ వాడి ఎక్లిప్స్ వరసలో పదో సెట్టు, 2008లో వచ్చింది. ‘టోక్యో కోరస్’, ఇది, ‘పాసింగ్ ఫ్యాన్సీ’, మూడూ కలిపి. డొనాల్డ్ సోసిన్ పియానో. వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు, అది నాకు నచ్చింది. ఎక్లిప్స్ అంటే హంగులుండవు. కామెంటరీ లేదు, ఇంటర్వ్యూలు లేవు, లోపల చిన్న వ్యాసం, అంతే. తర్వాత 2011లో లండన్‌లో బీఎఫ్‌ఐ, అంటే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఓజు 1959లో తీసిన ‘గుడ్ మార్నింగ్’కి జతగా దీన్ని ఇచ్చారు, ఎడ్ హ్యూస్ సంగీతంతో. 2017లో మళ్లీ క్రైటీరియన్ వాడే ‘గుడ్ మార్నింగ్’ బ్లూ-రే వేసి దీన్ని పక్కన పెట్టాడు, ఆ సోసిన్ పియానోతోనే. 

హోస్ట్: ‘గుడ్ మార్నింగ్’కీ దీనికీ ఏంటి చుట్టరికం?

బాబాయ్: రెంటిలోనూ ఇద్దరు అన్నదమ్ములు పెద్దవాళ్ల మీద అలుగుతారు. ఇందులో తిండి మానేస్తారు, అందులో మాట మానేస్తారు. సొంత కథనే పాతికేళ్ల పైన అయ్యాక రంగుల్లో ఇంకో రకంగా తిప్పాడు. కొనాల్సిన జతే, అబద్ధం చెప్పను.

హోస్ట్: మరి మూడింట్లో తేడా?

బాబాయ్: ఒక్క సీను చెప్తా. ఆ పిల్లల నాన్నకి పై ఆఫీసరు తన ఇంట్లో ప్రొజెక్టరు పెట్టి తను తీసిన ఇంటి సినిమాలు వేస్తాడు. పిల్లలంతా కింద కూర్చున్నారు. తెర మీద జూ. జీబ్రా కనబడుతుంది. తెలుపు మీద నల్లచారలా, నలుపు మీద తెల్లచారలా అని అన్నదమ్ములిద్దరూ తగువు. అంతలో అదే తెర మీద వాళ్ల నాన్న. ఆఫీసరుని నవ్వించడానికి మొహం వంకరలు తిప్పుతూ, కోతి వేషాలు వేస్తూ. గదిలో అందరూ నవ్వుతున్నారు. ఈ ఇద్దరి మొహాల్లో నవ్వు మెల్లగా జారిపోతుంది. ఊళ్లో అందరికంటే గొప్పోడు మా నాన్నే అని అప్పటిదాకా కొట్లాడిన పిల్లలు వాళ్లు.

హోస్ట్: అయ్యో.

బాబాయ్: ఇక్కడ సంగీతం పెద్ద సమస్య. పియానో ఉంటే కామెడీ కామెడీగానే సాగిపోతుంది, ఆ జారడం పియానో ఊపులో కలిసిపోతుంది. ఎడ్ హ్యూస్‌ది ఇప్పటి పద్ధతి సంగీతం, వాయిద్యాలు ఎక్కువ. సినిమా వెనకాల నడవడం కంటే సినిమాతో వాదం పెట్టుకున్నట్టు ఉంటుంది. మొదట విసుగొచ్చింది నాకు. పోను పోను ఈ సీనుకి మాత్రం అదే బాగుందనిపించింది. చప్పుడు ఆపేసి చూస్తే ఇంకోటి జరుగుతుంది. గదిలో నవ్వు మనకి వినబడదు కాబట్టి మనం కూడా ఆ పిల్లల పక్షాన కూర్చుంటాం.

హోస్ట్: ముప్పై సెకన్ల సీనుకి మూడు డిస్కులు!

బాబాయ్: ముప్పై సెకన్లు కాదు, ఎక్కువే ఉంటుంది.

హోస్ట్: వినేవాళ్లలో ఎవరైనా ఇవి కొందామనుకుంటే? మన ప్లేయర్‌లో ఆడతాయా?

బాబాయ్: అది ముందే చూసుకోవాలి. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో కంపెనీ వాడు ముందే తాళం వేస్తాడు, దాన్నే రీజియన్ అంటారు. డీవీడీలకి మన దేశం రీజియన్ 5, బ్లూ-రేలకి రీజియన్ సి. అమెరికా డీవీడీ రీజియన్ 1, బ్లూ-రే ఎ. బ్రిటన్ వాళ్లది 2, బి. జపాన్ తమాషా, డీవీడీకి బ్రిటన్‌తో 2లో, బ్లూ-రేకి అమెరికాతో ఎలో. అంటే వీటిలో ఏదీ మనకోసం చేసింది కాదు. రీజియన్ ఫ్రీ ప్లేయర్ లేకుండా ఈ పనిలో దిగొద్దు.

హోస్ట్: నీ దగ్గర వేగం గురించి కూడా ఏదో గొడవ విన్నా.

బాబాయ్: పాల్ డీవీడీ గొడవ. పాల్ అంటే బ్రిటన్ టీవీ పద్ధతి, అందులో సెకనుకి 25 ఫ్రేములు. 24తో నడిచే సినిమాని అందులో పెడితే నూటికి నాలుగు వంతులు వేగం పెరుగుతుంది, 100 నిమిషాల సినిమా 96లో అయిపోతుంది. బీఎఫ్‌ఐ వాళ్లు ఓజు కాలేజీ కామెడీలు, గ్యాంగ్‌స్టర్ సినిమాలు రెండు సెట్లుగా వేశారు, అవి అలాంటి డీవీడీలే. ఆ గ్యాంగ్‌స్టర్ సినిమాలు మూడూ 2015లో ఎక్లిప్స్ వాడూ వేశాడు, అమెరికా డీవీడీ మీద. పక్కపక్కన పెడితే ఒకడు కాస్త తొందరగా సిగరెట్ వెలిగిస్తాడు. దాన్ని పట్టుకుని నెలల తరబడి వాదించుకునే వాళ్లున్నారు. నేను వాదించను. హాల్లో కూడా ప్రొజెక్టరు చేత్తో తిప్పే రోజుల్లో ఆపరేటర్ని బట్టి, బెన్షీని బట్టి వేగం మారేది. ఎన్‌టీఎస్‌సీ అని అమెరికా, జపాన్ టీవీ పద్ధతి, ఆ డిస్కుల్లో కదిలే మనిషి అంచున దువ్వెన పళ్లలా గీతలు పడతాయి చూశావా, కంప్యూటర్లో పెడితే? నాకు దాంతోనే ఎక్కువ చిరాకు.

హోస్ట్: ఆ గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో డ్రాగ్‌నెట్... గర్ల్ కదా, కుక్క బొమ్మ ఉన్నది?

బాబాయ్: ‘డ్రాగ్‌నెట్ గర్ల్’, 1933. కినుయో తనాకా గ్యాంగ్‌స్టర్ ప్రియురాలు. అందులో రికార్డుల షాపు ఉంటుంది, హిజ్ మాస్టర్స్ వాయిస్ కుక్క, గ్రామఫోన్లు. మూకీ సినిమాలో పాట వినే షాపు! దాన్ని నేను చప్పుడు లేకుండా చూడలేను, నా వల్ల కాదు. నరుసే అని ఇంకో జపాన్ దర్శకుడి మూకీలు కూడా ఎక్లిప్స్ వాడే అయిదు కలిపి 2011లో వేశాడు. అవి లేకపోతే మనబోటివాళ్లకి నరుసే మూకీలు చూసే దారే ఉండేది కాదు. 

హోస్ట్: ఈ కలెక్టర్ల పిచ్చి వల్ల సినిమాకి ఏమన్నా లాభం ఉందా, లేక బీరువా నిండటమేనా?

బాబాయ్: భలే అడిగావు. 1922లో ఫ్రాన్సులో పాథె వాళ్లు ‘పాథె బేబీ’ అని ఇంట్లో వేసుకునే బుల్లి ప్రొజెక్టరు తెచ్చారు. 9.5 మిల్లీమీటర్ల ఫిల్మ్, పక్కన కాకుండా నడిమధ్యలో రంధ్రాలు. హాల్లో ఆడిన సినిమాని కత్తిరించి, కుదించి ఆ సైజులో అమ్మేవాళ్లు. ఆ కాలపు హోమ్ వీడియో. జపాన్‌లో డబ్బున్న ఇళ్లలో బాగా నడిచింది. ఓజు 1929లో తీసిన ‘ఫైటింగ్ ఫ్రెండ్స్’ గంటకి పైగా ఉండే సినిమా, ఇవాళ మిగిలింది 14 నిమిషాలు. ఆ 14 కూడా ఇలాంటి ఇంటి రీలు మీదే దొరికాయి. స్టూడియో దగ్గర లేదు, ఎవరింట్లోనో ఉంది.

హోస్ట్: అంటే నీ బీరువాకి ఓ చరిత్ర ఉందంటావు.

బాబాయ్: పిన్నికి ఆ మాట నువ్వే చెప్పు. క్యోటోలో వీటికోసమే ‘టాయ్ ఫిల్మ్ మ్యూజియం’ అని ఉంది. బొమ్మ ప్రొజెక్టర్లలో వేసుకోవడానికి పిల్లలకి అమ్మిన ఫిల్మ్ ముక్కలు పోగుచేస్తారు. పెద్ద సినిమాలోంచి మిగిలింది ఒక్కోసారి ఆ ముక్కే.

హోస్ట్: నాకైతే ఒకటనిపిస్తోంది బాబాయ్. నువ్వు బెన్షి బెన్షి అంటావు గానీ, ఓజు సినిమాకి నాకు బెన్షి వద్దు. ఆ పిల్లల మొహాలు నేనే చదువుకుంటా. ఎవరో గొంతు పెట్టి చెప్తే అది వాళ్ల సినిమా అయిపోతుంది.

బాబాయ్: 1932లో హాల్లో కూర్చున్నవాళ్లకి చెప్పలేదా ఎవరో?

హోస్ట్: చెప్పారేమో. నేను 1932లో లేనుగా.

బాబాయ్: సరే, పందెం. ‘పాసింగ్ ఫ్యాన్సీ’ తీసుకెళ్లు. మొదటి సీను కథలు పాడే ఆయన సభ. జనం నిండా కూర్చున్నారు, నేల మీద ఒక పర్సు. ఒకడు మెల్లగా తీసి చూస్తాడు, ఖాళీ, విసిరేస్తాడు. పక్కవాడు తీస్తాడు, వాడూ విసిరేస్తాడు. అట్లా చేతులు మారుతుంది. అక్కడ పాట వినబడాలా వద్దా, నాకు ఫోన్ చేసి చెప్పు.

హోస్ట్: ప్లేయర్ కూడా ఇస్తావా? మా ఇంట్లోది రీజియన్ 5.

బాబాయ్: డిస్కు ఇస్తా. ప్లేయర్ మాత్రం ఇల్లు దాటదు. ఆదివారం రా, భోజనానికి.