బెస్సీ సమాధి మీద రాయి

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం పక్కనే షారన్ హిల్ అని ఒక చిన్న ఊరు. అక్కడ మౌంట్ లాన్ అనే శ్మశానం ఉంది. 1970 ఆగస్టు దాకా అందులో ఒక సమాధి మీద రాయి లేదు, పేరు లేదు. ముప్ఫై మూడేళ్లు అలాగే ఉండిపోయింది. ఆ సమాధి బెస్సీ స్మిత్ అనే గాయనిది. దాని మీద రాయి పెట్టించినవాళ్లలో ఒకరు జానిస్ జోప్లిన్ అనే అమెరికన్ రాక్ గాయని. ఈ రోజు నా ప్రసంగం జానిస్ గురించే. కానీ ఆ రాయి కథ చెప్పకుండా జానిస్ గురించి మాట్లాడటం నావల్ల కాదు.

జానిస్ 1943 జనవరి 19న టెక్సాస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. చమురు శుద్ధి కర్మాగారాల ఊరది. నాన్న చమురు కంపెనీలో ఇంజనీరు. బడిలో ఈ పిల్లకి సుఖం లేదు. లావుగా ఉందని, మొహం నిండా మొటిమలని ఏడిపించేవాళ్లు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే బడిలో చదువుకోవాలి అన్నందుకు ఇంకా ఏడిపించారు. ఆ తర్వాత ఆస్టిన్‌లో యూనివర్సిటీలో చేరింది. అక్కడ ఒక పోటీ పెట్టేవారు, క్యాంపస్‌లో అందరికంటే అనాకారి మగవాడు ఎవరు అని. 1962లో ఆ పోటీకి ఎవరో ఈ అమ్మాయి పేరు ఇచ్చారు. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అయితే అప్పటికే ఆమెకి ఒక తోడు దొరికింది. హైస్కూల్లో ఉండగా స్నేహితుల దగ్గర కొన్ని పాత రికార్డులు విన్నది. వాటిలో ఒక గొంతు బెస్సీ స్మిత్‌ది. బెస్సీ నల్లజాతి గాయని, బ్లూస్ పాడేది. అమెరికా నల్లజాతివాళ్ల బాధల్లోంచి పుట్టిన పాటలే బ్లూస్. 1923లో వచ్చిన ఆమె తొలి రికార్డు లక్షల్లో అమ్ముడుపోయింది. జానిస్ పుట్టడానికి ఐదేళ్ల ముందే, 1937లో, కారు ప్రమాదంలో పోయింది. ఒకరినొకరు చూసుకోలేదు. అయినా జానిస్ ఆ పాటలతో కలిసి పాడుకుంటూ పాట నేర్చుకుంది. గురువు అంటే బెస్సీయే.

ఇప్పుడు 1967 జూన్‌కి వద్దాం. కాలిఫోర్నియాలో మాంటెరే అనే ఊళ్లో పెద్ద సంగీతోత్సవం. జానిస్ అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ అనే బ్యాండ్‌లో పాడుతోంది. ఊరి బయట పెద్దగా ఎవరికీ తెలియదు. శనివారం మధ్యాహ్నం స్టేజీ ఎక్కింది. జనం ఊగిపోయారు. తీరా చూస్తే అది సినిమా తీయలేదు! బ్యాండ్ మేనేజరు ఒప్పుకోలేదట. అందుకని కెమెరా కోసం మర్నాడు, ఆదివారం, మళ్లీ పాడించారు.

ఆ ఫిల్ము నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పాట పేరు బాల్ అండ్ చైన్. మెల్లగా మొదలుపెడుతుంది, దాదాపు గొణుక్కుంటున్నట్టు. ఉన్నట్టుండి గొంతు చీలిపోతుంది. ఏడుపో అరుపో చెప్పలేం. ఒకే గొంతులోంచి ఇద్దరు ముగ్గురు పాడుతున్నట్టు ఉంటుంది. కాళ్లు నేలకేసి తంతూ ఉంటుంది. మధ్యలో కెమెరా జనం వైపు తిరుగుతుంది. ముందు వరసల్లో మామా కాస్ అనే గాయని కూర్చుని ఉంటుంది, అప్పటికే ఆమె పెద్ద స్టార్. నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది. పాట అయ్యాక ఆమె ఏమంటోందో వినపడదు. పెదవులు చూస్తే చాలు, వావ్ అంటోందని తెలిసిపోతుంది.

ఆ పాట రాసి, మొదట పాడింది బిగ్ మామా థార్న్‌టన్. ఆమె కూడా నల్లజాతి గాయనే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. 1968లో వచ్చిన చీప్ థ్రిల్స్ ఆల్బమ్ అమెరికాలో ఎనిమిది వారాలు నంబర్ వన్. మరుసటి ఏడాది వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవంలో పాడింది. పేరు, డబ్బు. వాటితో పాటే తాగుడు, హెరాయిన్.

ఇప్పుడు ఆ రాయి. 1970లో ఫిలడెల్ఫియాలో ఒక పత్రికకి ఉత్తరం వచ్చింది, బెస్సీ స్మిత్ సమాధి మీద రాయి ఎందుకు లేదు అని. బెస్సీ అంత్యక్రియలకి వేలమంది వచ్చారు. రాయి మాత్రం రాలేదు. పత్రికవాళ్లు ఫోన్లు చేశారు. ఇద్దరు మేమిస్తాం అన్నారు. ఒకరు జ్వానిటా గ్రీన్. చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన మనిషి, తర్వాత నర్సు అయింది. రెండోవారు జానిస్. ఇల్లు ఊడ్చిన పిల్ల ఒకరు, రికార్డు విని పాట నేర్చుకున్న పిల్ల ఒకరు. ఆగస్టు 7న రాయి పెట్టారు. ప్రపంచంలోకెల్లా గొప్ప బ్లూస్ గాయని పాడటం ఎప్పటికీ ఆపదు అని దాని మీద చెక్కించారు.

అప్పటికి జానిస్‌కి రెండు నెలలు కూడా మిగల్లేదు. అక్టోబర్ 1న స్టూడియోలో మెర్సిడెస్ బెంజ్ పాట పాడింది. వాద్యాలు లేవు, ఒట్టి గొంతు. ఒక్కసారే పాడింది, అదే ఉంచేశారు. చివర్లో ఆమె నవ్వు వినిపిస్తుంది. అక్టోబర్ 4న హాలీవుడ్‌లో హోటల్ గదిలో హెరాయిన్ ఎక్కువై చనిపోయింది. ఇరవై ఏడేళ్లు. అప్పుడు తయారవుతున్న పెర్ల్ అనే ఆమె ఆల్బమ్‌లో ఒక పాటకి బ్యాండ్ వాయించడం అయిపోయింది, ఆమె గొంతు మాత్రమే మిగిలింది. దాన్ని అలాగే, గొంతు లేకుండానే విడుదల చేశారు. 1937లో బెస్సీ అంత్యక్రియలు జరిగింది కూడా అక్టోబర్ 4నే.

మా చిన్నప్పుడు రేడియోలో పాట వేసే ముందు రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా అని చదివేవారు. పాట మధ్యలో మేం మాట్లాడినా నాన్నగారు ఊరుకునేవారు. పేర్లు చదివేటప్పుడు మాట్లాడితే మాత్రం ఊరుకునేవారు కాదు. ఇప్పుడు ఫోన్లో పాట దానంతటదే వచ్చేస్తుంది, పేర్లు ఎవరూ చదవరు. అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఈ వారం మీకు బాగా నచ్చిన పాట ఒకటి తీసుకోండి. అది మొదట ఎవరు పాడారో, ఎవరు రాశారో వెతకండి. ఆ పేరు ఇంట్లో పిల్లలకి పైకి చెప్పండి.

జానిస్ పాట వినాలనుకుంటే ముందు బెస్సీ స్మిత్‌ని వినండి. తర్వాత బిగ్ మామా థార్న్‌టన్‌ని. ఆ తర్వాత జానిస్ జోప్లిన్‌ని.

సెలవు.